‘ఆర్డ్యుయస్’ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: నిఘంటువులో ‘ఆర్డ్యుయస్’ అంటే ‘కష్టమైన’ అని ఉంది. ‘హార్డ్’, ‘డిఫికల్ట్’, ‘టఫ్’ అన్నింటికీ అదే అర్థం ఇచ్చారు. అలాంటప్పుడు ఏది ఎక్కడ వాడినా ఒకటేనా? ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ యామ్ యాన్ ఆర్డ్యుయస్ వర్కర్’ అని రాస్తే చూసిన స్నేహితులు నవ్వారని, ఎందుకు నవ్వారో అర్థం కాలేదని కూడా రాశారు.

ముందు సమాధానం చెప్పేస్తాను, వివరాలు తర్వాత. చాలాసేపు, ఒళ్ళు హూనమయ్యేలా పాటుపడితే తప్ప పూర్తికాని పనికి, ప్రయాణానికి, దారికి వాడే విశేషణం ఇది. మనిషికి వాడరు. బుర్రకు పదును పెట్టే లెక్కకో పొడుపుకథకో వాడరు. రెండు నిమిషాల్లో అయిపోయే పనికీ వాడరు, అది ఎంత బరువైనదైనా సరే.

పోటీ పరీక్షలకు తయారయ్యే పిల్లలకు చాలా ఏళ్ళుగా ఇంగ్లీష్ చెబుతున్నాను, మధ్యమధ్యలో అనువాదాలూ చేస్తుంటాను. ఈ మాటతో వచ్చే తప్పులు చాలావరకు ఒకే చోట పుడతాయి. కష్టం అనగానే మనం అది ఎంత కష్టమో చూస్తాం గానీ, ఏ రకం కష్టమో చూడం. ఇంగ్లీష్‌లో ఒక్కో రకానికి ఒక్కో విశేషణం ఉంది. తెలుగులోనూ ఆ తేడాలు ఉన్నాయి, కాకపోతే మనం వాటిని ఎక్కువగా జాతీయాలతో చెబుతాం. దాని సంగతి కింద మాట్లాడుకుందాం.

తిరుమల నడకదారి తీసుకోండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. మొదలుపెట్టగానే నిటారు మెట్లు, గాలిగోపురం చేరేసరికే ఆయాసం వచ్చేస్తుంది. ఆ తర్వాత దారి కాస్త చదునవుతుంది, జింకల పార్కు పక్కగా మాట్లాడుకుంటూ నడిచేయొచ్చు. హమ్మయ్య అనుకునేలోపు మోకాళ్ళ పర్వతం ఎదురొస్తుంది. అక్కడ చాలామంది మెట్టుకోసారి ఆగి, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, మళ్ళీ కదులుతారు. ఇంతకీ ఈ దారిలో తెలియనిది ఏమైనా ఉందా? ఏమీ లేదు. దారి తప్పుతామన్న బెంగ లేదు, చాలా దూరం పైకప్పు ఉంది, నీళ్ళకు కొదవ లేదు. తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో చంటిపిల్లాడికీ తెలుసు. ఉన్నదల్లా ఎక్కడమే. ఆ ఎక్కడానికే ‘ఆర్డ్యుయస్’ అతికినట్టు సరిపోతుంది.

నేను క్లాసులో చెప్పే పరీక్ష ఇదే. ‘ఎలా చేయాలి?’ అన్నది తెలియక ఆగిపోతే అది ‘డిఫికల్ట్’. ఎలా చేయాలో బాగా తెలిసినా, చేసుకుంటూ పోవడమే ప్రాణం తీస్తుంటే అది ‘ఆర్డ్యుయస్’. మొదటి దాంట్లో అడ్డం పడేది తెలియకపోవడం. రెండో దాంట్లో అడ్డం పడేది అలసట. ‘ది క్లైంబ్ ఈజ్ డిఫికల్ట్’ అన్నా వ్యాకరణం తప్పేమీ కాదు. ‘డిఫికల్ట్’ రెండు రకాల కష్టాన్నీ మోయగలదు, అందుకే ఎక్కడ వాడినా చెల్లుతుంది. కానీ అది విన్నవాళ్ళకు దారిలో జారే బండలున్నాయేమో, మలుపులు ప్రమాదకరమేమో అనే అనుమానం కూడా రావచ్చు. ‘ఆర్డ్యుయస్’ అంటే ఆ అనుమానం రాదు. ఊపిరి, కాళ్ళు, ఓపిక, వీటి గురించే మాట్లాడుతున్నారని తెలిసిపోతుంది.

ఈ అర్థం ఊరికే రాలేదు. లాటిన్‌లో దీని మూలం ‘ఆర్డువస్’. దానికి మొదటి అర్థం ఎత్తైనది, నిటారుగా ఉన్నది అని. ఇంగ్లీష్‌లోకి 16వ శతాబ్దంలో వచ్చింది. అందుకే ‘క్లైంబ్’, ‘ట్రెక్’, ‘పాత్’, ‘అసెంట్’, ‘జర్నీ’ లాంటి మాటల పక్కన ఇది ఇప్పటికీ పుట్టింట్లో ఉన్నట్టే ఉంటుంది. బ్రిటన్ వాయుసేన నినాదం ‘పెర్ ఆర్డువా ఆడ్ ఆస్ట్రా’ మీరు వినే ఉంటారు. కష్టాలు దాటుకుంటూ నక్షత్రాల దాకా అని దాని భావం. అందులో ‘ఆర్డువా’ ఈ కుటుంబంలోదే. మన వాయుసేన మాత్రం భగవద్గీత 11వ అధ్యాయం నుంచి ‘నభః స్పృశం దీప్తమ్’ తీసుకుంది. ఆకాశాన్ని అంటుతూ వెలిగేది అని. అందులో కష్టం ప్రసక్తే లేదు, నేరుగా ఆకాశమే. ఇక, వినడానికి దగ్గరగా ఉన్నాయి కదా అని ‘హార్డ్’నీ ‘ఆర్డ్యుయస్’నీ చుట్టాలనుకోకండి. ‘హార్డ్’ జర్మానిక్ వైపు నుంచి వచ్చిన పాత ఇంగ్లీష్ మాట.

ఇప్పుడు మీ వాక్యం చూద్దాం. ‘ఆర్డ్యుయస్ వర్కర్’ అంటే ఇంగ్లీష్ వచ్చినవాళ్ళకు ‘ప్రయాసతో కూడిన మనిషి’ అన్నట్టు వినిపిస్తుంది. అంటే మీతో వేగడం మహా కష్టమని మీరే ఒప్పుకున్నట్టు! నవ్వు అక్కడే వచ్చింది. కష్టపడే మనిషికి ‘హార్డ్‌వర్కింగ్’ ఉంది, ‘డిలిజెంట్’ ఉంది, ‘ఇండస్ట్రియస్’ ఉంది. ఆర్డ్యుయస్ పనికి తగిలించే మాట, పనివాడికి కాదు. మీరు నిజంగా దాన్నే వాడదలచుకుంటే ‘ఐ హ్యావ్ హ్యాండిల్డ్ ఆర్డ్యుయస్ ఫీల్డ్ వర్క్’ అనొచ్చు. దాని వెంటనే ఆ పని ఏమిటో ఒక ముక్క రాయాలి. మండుటెండలో ఊరూరా తిరిగి సర్వే చేశారా, గోడౌన్‌లో రాత్రి షిఫ్టుల్లో స్టాకు లెక్కపెట్టారా? అది రాయకపోతే చదివేవాడు నమ్మడు.

ఇంకో తప్పు కూడా తరచూ చూస్తుంటాను. ‘ఇట్ ఈజ్ ఆర్డ్యుయస్ టు అండర్‌స్టాండ్ దిస్ చాప్టర్’ అని రాస్తారు. ‘ఇట్ ఈజ్ డిఫికల్ట్ టు’ అనే మూసలో ‘డిఫికల్ట్’ తీసేసి దీన్ని దూరుస్తారన్నమాట. అర్థం చేసుకోవడం బుర్ర పని, పైగా ఆ వాక్య నిర్మాణంలో ఈ మాట ఇమడదు. ఇది నామవాచకం ముందు కూర్చోవడానికి ఇష్టపడుతుంది: ‘యాన్ ఆర్డ్యుయస్ టాస్క్’, ‘యాన్ ఆర్డ్యుయస్ జర్నీ’. లేదా ఒక పని పేరు చెప్పి ‘ది ట్రైనింగ్ వాజ్ ఆర్డ్యుయస్’ అనొచ్చు. దీనికి ఇష్టమైన జోడీ ‘లాంగ్ అండ్ ఆర్డ్యుయస్’. ఈ రెండూ కలిసి ఎన్నిసార్లు కనిపిస్తాయంటే, కాస్త చెయ్యి తిరిగినవాళ్ళు ‘లాంగ్’ తీసేస్తారు. ఆర్డ్యుయస్‌లోనే ఆ పొడవు ఉందిగా!

ఒకే సంఘటనలో రకరకాల కష్టాలు ఎలా విడిపోతాయో చూపిస్తాను. 2023 నవంబర్ 12న, సరిగ్గా దీపావళి నాడు, ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా దగ్గర కడుతున్న సొరంగం కొంతభాగం కూలి 41 మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. 28వ తేదీన అందరూ ప్రాణాలతో బయటికొచ్చారు. ఆ రోజుల్లో అందరం టీవీలకు అతుక్కుపోయాం కాబట్టి వివరాలు మీకు గుర్తుండే ఉంటాయి. కొండ పైనుంచి నిలువుగా తవ్వాలా, శిథిలాల మధ్య నుంచి అడ్డంగా గొట్టాలు దూర్చాలా అన్న నిర్ణయం ‘డిఫికల్ట్’. అది బల్ల చుట్టూ కూర్చుని ఇంజినీర్లు తలలు పట్టుకున్న కష్టం. తవ్వుతుంటే మళ్ళీ కూలే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పని ‘రిస్కీ’, ‘ట్రిక్కీ’. శిథిలాలను తొలుస్తున్న ఆగర్ యంత్రం ఇనుముకు తగిలి విరిగిపోవడం ‘సెట్‌బ్యాక్’. ఇక ఆఖరి 12 మీటర్ల దగ్గరికొచ్చేసరికి యంత్రాలు చేతులెత్తేశాయి. ర్యాట్ హోల్ మైనర్లు, అంటే ఎలుక బొరియల్లాంటి ఇరుకు సొరంగాల్ని చేత్తో తవ్వడం అలవాటున్నవాళ్ళు, వచ్చారు. సుమారు 80 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలోకి పాక్కుంటూ వెళ్ళి, చేతి పనిముట్లతో మట్టీ రాళ్ళూ తవ్వి, వెనక్కి లాగి బయటకు పంపారు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. ఏం చేయాలన్నది అందరికీ తెలుసు, చేయడానికి చేతులే మిగిలాయి. ఆ ఆఖరి ఘట్టానికి ఇంగ్లీష్‌లో ‘ఆర్డ్యుయస్’ కంటే మంచి మాట లేదు.

మరి లోపల ఉన్న ఆ 41 మంది పడినది? వాళ్ళు తవ్వలేదు, ఎక్కలేదు, భరించారు. దానికి ‘ఆర్డీల్’ అనే నామవాచకం ఉంది. ఓ-ఆర్-డి-ఈ-ఏ-ఎల్. పలకడానికి దగ్గరగా ఉండడంతో పిల్లలు రెండింటినీ కలిపేస్తారు. ఆర్డీల్ అనుభవించేది, ఆర్డ్యుయస్ అన్నది చేసే పనికి గుణం.

ప్రభుత్వ ఉద్యోగులైతే ఈ మాటను నిఘంటువు తెరవకుండానే చూసి ఉంటారు. వాళ్ళ జీతభత్యాలు, సర్వీసు నిబంధనలు చెప్పే ఫండమెంటల్ రూల్స్ 1922 నుంచి అమల్లో ఉన్నాయి. వాటిలో 9(25) అన్నది స్పెషల్ పే, అంటే జీతం మీద అదనంగా ఇచ్చే మొత్తం, దాని నిర్వచనం. అది ఇవ్వడానికి అక్కడ రెండు కారణాలు చెప్పారు. ఒకటి ‘ది స్పెషల్లీ ఆర్డ్యుయస్ నేచర్ ఆఫ్ ది డ్యూటీస్’. రెండోది, పనిలో గానీ బాధ్యతలో గానీ నిర్దిష్టంగా పెరిగిన భారం. ఈ రెండింటినీ వేరుగా పెట్టడం గమనించండి. ఒక గుమాస్తాకు అదనంగా ఇంకో సీటు అప్పగించారనుకోండి, అది రెండో రకం. పని ఒకటే అయినా దాని స్వభావమే ఒళ్ళు విరిచేదిగా ఉంటే మొదటి రకం. ఫైలు మీద నోట్ రాసేటప్పుడు ‘అడిషనల్ రెస్పాన్సిబిలిటీ’ అనాల్సిన చోట ‘ఆర్డ్యుయస్’ అని రాస్తే పైవాళ్ళు కొర్రీ వేయడానికి మంచి అవకాశం దొరుకుతుంది. అన్నట్టు దీనికి ‘ఆర్డ్యుయస్‌నెస్’ అనే నామవాచకం ఉంది గానీ ఎవరూ పెద్దగా వాడరు. రూల్స్ రాసినవాళ్ళలాగే ‘ఆర్డ్యుయస్ నేచర్’ అనడమే వాడుక.

ఈ మాటకు కిలోల్లో, నిమిషాల్లో కొలత పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో అడవుల్లో కార్చిచ్చులు ఆర్పే సిబ్బందికి దేహదారుఢ్య పరీక్ష మూడు స్థాయుల్లో ఉంటుంది: ‘లైట్’, ‘మోడరేట్’, ‘ఆర్డ్యుయస్’. మంటల ముందు నిలబడి పనిచేసేవాళ్ళు ఆర్డ్యుయస్ స్థాయి పాసవ్వాలి. 45 పౌండ్లు, అంటే సుమారు 20 కిలోల బరువు వీపున వేసుకుని, 3 మైళ్ళ చదును దారిని 45 నిమిషాల్లో నడవాలి. పరుగెత్తకూడదు. ‘మోడరేట్’ అయితే 25 పౌండ్లతో 2 మైళ్ళు, 30 నిమిషాలు. ‘లైట్’కు బరువేమీ ఉండదు, 16 నిమిషాల్లో ఒక మైలు నడిస్తే చాలు. బరువు, దూరం, సమయం మూడూ కలిశాకే ఆ స్థాయికి ఆర్డ్యుయస్ అని పేరు పెట్టారు. ఇరవై కిలోల బియ్యం బస్తా లేపి పక్కన పెట్టడం మనలో చాలామందికి పెద్ద విషయం కాదు. దాన్ని దించకుండా దాదాపు 5 కిలోమీటర్లు విసవిసా నడవడం వేరే సంగతి.

ఇదే మాట రాజకీయాల్లోనూ పనికొచ్చింది. 1990లలో ఉత్తర కొరియాలో భయంకరమైన కరువొచ్చి లక్షలమంది చనిపోయారు. ప్రభుత్వం దానికి పెట్టిన పేరును ఇంగ్లీష్‌లో ‘ఆర్డ్యుయస్ మార్చ్’ అని అనువదిస్తారు. 1930ల చివర్లో, తర్వాత ఆ దేశాన్ని స్థాపించిన కిమ్ ఇల్ సంగ్ గెరిల్లా దళం మంచులో సాగించిందని చెప్పే నడక పేరునే కరువుకు తగిలించారు. కరువు అంటే ఎవరి వల్ల వచ్చిందని అడుగుతారు. కష్టమైన నడక అంటే ఓపికగా నడవమంటారు. మాటలో ఉన్న ‘దారి తెలుసు, శ్రమపడితే చేరతాం’ అన్న భావాన్ని ఎంత తెలివిగా వాడుకున్నారో చూడండి.

మన అమెరికా తెలుగువాళ్ళు ‘ది గ్రీన్ కార్డ్ ప్రాసెస్ ఈజ్ లాంగ్ అండ్ ఆర్డ్యుయస్’ అని తెగ రాస్తుంటారు. ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో మనవాళ్ళ లైను కొండవీటి చాంతాడంత సాగింది. ఈ వాడుక తప్పని అనను, అందరూ వాడుతున్నదే. నా మట్టుకు నాకు అందులో ‘లాంగ్’ మాత్రమే నిజమనిపిస్తుంది. లైను ఎక్కడిదాకా కదిలిందో చెప్పే వీసా బులెటిన్‌ను ఏళ్ళ తరబడి చూస్తూ కూర్చోవడంలో టెన్షన్ ఉంది, విసుగు ఉంది. అది ‘ఫ్రస్ట్రేటింగ్’. చేయడానికేమీ లేనప్పుడు ఆర్డ్యుయస్ ఎక్కడిది? ఆధారాలన్నీ పోగేసి, పాత కంపెనీల నుంచి లెటర్లు తెప్పించి, కట్టలు కట్టలు కాగితాలు నింపే భాగానికైతే ఒప్పుకుంటాను.

ఇక దీని ఇరుగుపొరుగు మాటలు. పరీక్షలో సమానార్థకం అడిగితే ‘స్ట్రెన్యుయస్’, ‘లెబోరియస్’ కనిపిస్తే పెట్టేయండి, మార్కు వస్తుంది. రాసేటప్పుడు మాత్రం వీటి మధ్య తేడా తెలియాలి.

‘స్ట్రెన్యుయస్’ దీనికి బాగా దగ్గరి మాట. తేడా ఎక్కడంటే, స్ట్రెన్యుయస్ ఆ క్షణంలో ఒంటి మీద పడే ఒత్తిడిని చూస్తుంది, ఆర్డ్యుయస్ మొత్తం పనిని చూస్తుంది. ఆపరేషన్ అయ్యాక డిశ్చార్జి కాగితం మీద డాక్టర్లు ‘అవాయిడ్ స్ట్రెన్యుయస్ యాక్టివిటీ’ అని రాస్తారు. అక్కడ ‘ఆర్డ్యుయస్’ రాయరు. గ్యాస్ సిలిండర్ ఒక్కసారి ఎత్తినా కుట్లు ఊడతాయని కదా వాళ్ళ భయం. లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్లలో రోజంతా మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ సిలిండర్లు మోసే కుర్రాడి పని ఆర్డ్యుయస్. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లే, 2 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. కానీ ఎక్కువ భాగం నిటారుగా ఉంటుంది. దాన్ని కొందరు ‘షార్ట్ బట్ స్ట్రెన్యుయస్’ అంటారు, నాకూ అదే బాగుందనిపిస్తుంది.

‘ఆనరస్’ చెమట పట్టే కష్టం కాదు. అది మోయాల్సిన బాధ్యత, తప్పించుకోలేని షరతు. ఒప్పందాల్లో, కోర్టు భాషలో ఎక్కువ. అద్దె అగ్రిమెంట్‌లో రిపేర్లన్నీ కిరాయిదారే చేయించాలి, ఖాళీ చేసేటప్పుడు రంగులూ వేయించాలి అని ఉంటే ఆ షరతులు ‘ఆనరస్’. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 127వ సెక్షన్ పేరే ‘ఆనరస్ గిఫ్ట్స్’. లాభమున్న ఆస్తినీ, బరువు తగిలించుకున్న ఆస్తినీ ఒకే బదిలీ కింద దానమిస్తే, తీసుకునేవాడు లాభం వరకు ఉంచుకుని బరువు వదిలేస్తానంటే కుదరదు. రెండూ తీసుకోవాలి, లేదా రెండూ వదులుకోవాలి. తెలుగులో మనం ‘గుదిబండ’ అనేది సరిగ్గా దీన్నే.

‘లెబోరియస్’లో శ్రమ కంటే నస ఎక్కువ. నత్తనడకన, చేసిందే చేస్తూ పోవాల్సిన పని. పాత చేతిరాత రికార్డుల్ని ఒక్కొక్క ఎంట్రీ చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం లెబోరియస్. ‘గ్రూయెలింగ్’ మనిషిని పిండేసేది. స్పోర్ట్స్ పేజీలకు ఇది ప్రాణం. 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, మహూ ఆడిన మ్యాచ్ 3 రోజుల మీద 11 గంటల 5 నిమిషాలు సాగి, ఆఖరి సెట్ 70-68తో ముగిసింది. దాన్ని ‘ఆర్డ్యుయస్ మ్యాచ్’ అంటే కాస్త పుస్తకాల వాసన వస్తుంది, ‘గ్రూయెలింగ్ మ్యాచ్’ అంటే ఆట చూసినట్టు ఉంటుంది. ‘డాంటింగ్’ పని మొదలుపెట్టకముందే వచ్చే బెదురు.

సివిల్స్ రాసేవాళ్ళకైతే ఒక్క ముక్కలో చెబుతాను. సిలబస్ చూడగానే గుండె జారితే ‘డాంటింగ్’. ఏళ్ళ తరబడి చదవడం ‘ఆర్డ్యుయస్’. ప్రిలిమ్స్ పేపర్ ‘టఫ్’. అందులో ఒకానొక ప్రశ్న ‘ట్రిక్కీ’. చాలా రోజులు రెండేసి పేపర్లతో నడిచే మెయిన్స్ ‘గ్రూయెలింగ్’.

అనువాదం చేసేవాళ్ళకు ఇక్కడే అసలు పని పడుతుంది. ‘ఆఫ్టర్ యాన్ ఆర్డ్యుయస్ జర్నీ, దే రీచ్డ్ ది విలేజ్’ అన్న వాక్యాన్ని ‘ఒక కష్టతరమైన ప్రయాణం తర్వాత వారు గ్రామాన్ని చేరుకున్నారు’ అని రాసిన కాపీలు నా దగ్గరికి వస్తుంటాయి. ఏ మాటకామాట సరిపోయింది, వాక్యంలో మాత్రం జీవం లేదు. తెలుగు మనిషి ఆ సంగతి చెబితే ‘ఆపసోపాలు పడుతూ ఎలాగో ఊరు చేరారు’ అంటాడు. విశేషణం మాయమై క్రియలో కలిసిపోయింది చూడండి. సందర్భాన్ని బట్టి ‘నానా తంటాలు పడి’, ‘తల ప్రాణం తోకకొచ్చింది’, ‘తాతలు దిగొచ్చారు’, వీటిలో ఏదో ఒకటి ఆర్డ్యుయస్‌కు సరిపోతుంది. ఒకే లక్ష్యం కోసం అలుపెరగకుండా చేసిన పెద్ద ప్రయత్నమైతే ‘భగీరథ ప్రయత్నం’ ఉండనే ఉంది. కాస్త గంభీరంగా ఉండాల్సిన చోట ‘శ్రమసాధ్యమైన’, ‘ప్రయాసతో కూడిన’ అనండి, తప్పులేదు.

కానీ ‘కత్తి మీద సాము’ దగ్గరికి దీన్ని తీసుకురావద్దు. అది ఏమాత్రం తేడా వచ్చినా తెగే వ్యవహారం, ‘ట్రిక్కీ’ లేదా ‘డెలికేట్’. సంకీర్ణ ప్రభుత్వం నడపడం కత్తి మీద సాము. ఎండలో పాదయాత్ర చేయడం అలాంటిది కాదు. ‘కొరకరాని కొయ్య’ కూడా వేరు, ఎవరికీ లొంగని మనిషికో సమస్యకో చెల్లుతుంది. ‘నల్లేరు మీద బండి నడక’ మాత్రం ఆర్డ్యుయస్‌కు చక్కటి వ్యతిరేకం. రెండింట్లోనూ దారి ఉంది, నడక ఉంది.

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆ అమ్మాయి వయసు 13 ఏళ్ళ 11 నెలలు. టిబెట్ వైపు నుంచి ఎక్కింది. ఆ ఎక్కడాన్ని ఇంగ్లీష్‌లో ‘యాన్ ఆర్డ్యుయస్ క్లైంబ్’ అంటే ఎవరూ కాదనరు. అదే మాటను ఆఫీసుకు రోజూ ఎక్కే మెట్రో ప్రయాణానికి వాడితే? ఇంగ్లీష్ వాళ్ళు వాడతారు, కాకపోతే వెటకారానికి. ‘ఆఫ్టర్ ది ఆర్డ్యుయస్ టాస్క్ ఆఫ్ చూజింగ్ ఎ బిర్యానీ’ అని ఎవరైనా రాస్తే వాళ్ళు మనల్ని నవ్వించడానికి రాశారని అర్థం. మాట పెద్దది, పని చిన్నది, నవ్వు ఆ తేడాలోంచి వస్తుంది. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో మామూలు విషయాలకు సీరియస్‌గా ఈ మాట వాడితే ఇబ్బంది అదే. ఎదుటివాళ్ళకు జోక్ చేస్తున్నారో, బట్టీపట్టిన మాట దింపుతున్నారో తెలియదు. మాట్లాడేటప్పుడు ‘టఫ్’, ‘టైరింగ్’, ‘ఎగ్జాస్టింగ్’ చాలు. ఆర్డ్యుయస్ ప్రధానంగా రాతలోని మాట.

‘ఆర్డెంట్’తో కలపకండి. అది మంట అనే అర్థమున్న వేరే లాటిన్ మూలం నుంచి వచ్చింది. హీరో సినిమా మొదటి రోజు మొదటి ఆట చూసే వీరాభిమాని ‘ఆర్డెంట్ ఫ్యాన్’. ‘ఆర్డ్యుయస్ ఫ్యాన్’ అని రాసిన సమాధాన పత్రాలు ప్రతి ఏడాదీ తగులుతూనే ఉంటాయి.

స్పెల్లింగ్‌లో ‘డి’ తర్వాత ‘యు’, ఆ తర్వాతే ‘ఓ-యు-ఎస్’. ఆ మొదటి ‘యు’ మింగేసి ‘ఆర్డస్’ అని రాసేవాళ్ళు, పలికేవాళ్ళు చాలామంది. మొదటి అక్షరం మీదే ఊనిక. బ్రిటిష్ పద్ధతిలో ‘ఆ-డ్యు-అస్’ అన్నట్టు ‘ర’ దాదాపు వినిపించకుండా, అమెరికన్లయితే ‘ఆర్-జు-అస్’ అని పలుకుతారు. ‘జు’ విని కంగారుపడకండి. ‘ఎడ్యుకేషన్’ను వాళ్ళు ‘ఎజుకేషన్’ అంటారే, అదే లెక్క. మన దగ్గర ‘ఆర్డ్యుయస్’ అని పలికినా అందరికీ అర్థమవుతుంది, దానికి మార్కులు పోవు. ముందు ‘ఎ’ కాకుండా ‘యాన్’ వస్తుందన్నది మాత్రం చూసుకోండి, ఎర్రర్ స్పాటింగ్‌లో అడుగుతుంటారు.